యాభై ఎనిమిదిలో మాయమైన పక్

టమరాక్ ఊళ్లో యాభై ఎనిమిది సీజన్ మాట ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ఎత్తారా, మీ కాఫీ చల్లారిపోతుంది, బయట మీ కారు గడ్డకట్టిపోతుంది, చెప్పేవాడు మాత్రం ఆపడు. నార్త్ షీల్డ్ లీగు అంటే జీతాలు తీసుకుని మంచు మీద హాకీ ఆడే వాళ్ల లీగే గానీ, టమరాక్ మైనర్స్ జట్టులో సగం మంది పగలు గనిలోకి దిగేవాళ్లు, సాయంత్రం మంచు మీదికెక్కేవాళ్లు. ఆ ఏడు నవంబరంతా వరసగా ఓడారు. ఊరు ఆశ వదిలేసుకుంది. క్రిస్మస్ దాటాక ఏం పూనిందో ఏమో, ఎవరొచ్చినా ఓడించి పంపడం మొదలుపెట్టారు. మార్చికల్లా పోర్ట్ లారియర్ రాయల్స్‌తో ఫైనల్‌కొచ్చారు. చెరి మూడు ఆటలు గెలిచాక ఏడో ఆట టమరాక్ హాల్లోనే పడింది. స్కోరు రెండు రెండు. ఇంకాసేపట్లో గంట మోగుతుందనగా మైనర్స్ ఆటగాడు ఆరెల్ థిబోడో కొట్టిన పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ల, రాయల్స్ గోలు కాసే గోలీ ఒరెస్ట్ హ్రించుక్ కాళ్ల మధ్యకు పోయింది. పోయింది పోయినట్టే కనిపించకుండా పోయింది.

ముందు వలలో చూశారు. లేదు. ఒరెస్ట్‌ను లేపి కింద చూశారు. లేదు. రిఫరీ అతని జెర్సీ ఎత్తి దులిపాడు, చేతి తొడుగులు విప్పించాడు, నిక్కరులో చెయ్యి పెట్టబోతే ఒరెస్ట్ ఒప్పుకోక తనే దులుపుకున్నాడు. హాలంతా నవ్వింది. ఆ సాయంత్రానికి అదే ఆఖరి నవ్వు. గోల్ అని దీపం వెలగలేదు కాబట్టి రిఫరీ ఇంకో పక్ తెప్పించి ఆట నడిపించాడు. అదనపు ఆటలో రాయల్స్ గోల్ కొట్టి, కప్పు పట్టుకుని రైలెక్కేశారు. బదులు తీర్చుకుందామంటే ఆ వేసవిలోనే లీగు మూతపడింది.

ఇక ఊరికి అదే పని. పక్ ఎగిరి పాదిరీ గారి కోటు జేబులో పడిందన్నారు. రాయల్స్ కోచ్ ఫ్లాస్కులో వేసుకుపోయాడన్నారు. ఏప్రిల్‌లో హాల్లో మంచు కరిగించినప్పుడు ఊరంతా వచ్చి కళ్లలో వత్తులు వేసుకుని వెతికింది. ఆటగాళ్ల ఊడిన పళ్లు మూడు, ఒక పెళ్లి ఉంగరం దొరికాయి. పక్ మాత్రం దొరకలేదు.

పక్ దొరక్కపోయినా తిట్టడానికి మనిషి దొరికాడు. చెప్పుల కొట్టు టోయివో రౌతియో. మైనర్స్ వాళ్లు మంచు మీద జారే స్కేట్లకు పదును పెట్టేది, చిరిగిన సామాను కుట్టేది ఆయనే. ఆ లీగులో ఒక ఆచారం ఉండేది. వచ్చిన జట్టు రైల్లో కుట్టేవాడిని వెంటేసుకుని తిరగలేదు కాబట్టి, ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి మనిషే రెండు జట్లకూ కుట్టిపెట్టాలి. అవతలివాడి తోలని ఓ పోగు తక్కువ వేయకూడదు. ఆ రోజు అదనపు ఆట ముందు విరామంలో రాయల్స్ గదిలోంచి కబురొచ్చింది, గోలీ కుడి కాలి ప్యాడు చిరిగిందని. టోయివో సంచీ తీసుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. గోలీ కొత్త ప్యాడంత గట్టి ప్యాడుతో బయటికొచ్చి వచ్చిన ప్రతి పక్‌నూ ఆపేశాడు.

అంతే, టోయివో కాస్తా ‘రాయల్స్ టోయివో’ అయిపోయాడు. ఆయన మనిషి నోట్లో నాలుక లేని రకం, ఎవరికీ బదులు చెప్పలేదు. ఆరెల్ థిబోడో అయితే ఆయన కొట్టు గుమ్మం తొక్కడమే మానేశాడు. తన ఇల్లు సరిగ్గా ఎదురుగా ఉంటే, బూటు తెగితే కారు వేసుకుని పక్క ఊరికి పోయి కుట్టించుకునేవాడు. టోయివో పోతే చావుకూ రాలేదు. చిత్రమేమిటంటే, అదే ఆరెల్‌కు ఒరెస్ట్ మీద రవ్వంత కోపం లేదు. ఒరెస్ట్ ఆ మరుసటేడే టమరాక్ పిల్లను చేసుకుని, ఇక్కడే గనిలో చేరి ఇక్కడివాడైపోయాడు. శనివారం శనివారం ఇద్దరూ ఒడెట్ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, గోల్ అంటే గోల్ కాదని కొట్టుకుంటూ ఉంటారు. శత్రువు తన పని తాను చేశాడు సరే, మనవాడు వాడి పని ఎందుకు చేయాలి అన్నది ఆరెల్ లెక్క.

ఇదంతా టోయివో కూతురు లెంపికి పన్నెండేళ్లప్పటి సంగతి. ఇప్పుడామెకు యాభై దగ్గరపడుతున్నాయి. తండ్రి కొట్టు, తోలుకు కన్నం పొడిచే తండ్రి ఆరె, తండ్రి వంకర సూది, తండ్రికి పడిన పేరు కూడా ఆమెకే వచ్చాయి. బడిలో ‘రాయల్స్ లెంపీ’ అని ఏడిపించిన మగపిల్లలే ఇప్పుడు బట్టతలలేసుకుని బూట్లు పట్టుకొస్తారు. ఆమె కుట్టి ఇస్తుంది. ఒక్కటే ఆమెకు పట్టుదల, ఆ మాట అబద్ధమని. నాన్న ఆచారం ప్రకారం కుట్టాడు తప్ప ఊరికి ద్రోహం చేయలేదని.

ఆ ఫిబ్రవరిలో పాత హాలు వదిలి కొత్త హాలుకు పోతున్నారు. గుమ్మంలో అద్దాల బీరువా పెట్టి పాత సామాను సర్దాలని క్లబ్బు వాళ్ల ఉబలాటం. ఒరెస్ట్ కట్టెల కొట్టం అటక మీంచి తన ప్యాడ్లు దించి, మంచు దులుపుకుంటూ లెంపి కొట్టుకు మోసుకొచ్చాడు.

“ఇదుగో లెంపీ, నా పాత కాళ్లు. ఆ ఫైనల్ తరవాత మళ్లీ కట్టుకోలేదు. ఎలకలు కాపురం పెట్టినయ్. కాస్త మొహం కడిగి పెట్టు తల్లీ,” అన్నాడు.

“ఇంత బరువేంటి బాబాయ్?”

“ఇప్పుడేం చూశావ్, తడిస్తే చూడాల్సింది! దూడని కాలికి కట్టుకుని ఆడినట్టే.”

ఆయన వెళ్లాక లెంపి ప్యాడ్లు బల్ల మీద పరిచింది. జింక వెంట్రుకలు కుక్కిన మందపు తోలు. కుడి ప్యాడు వెనక అంచున, మోకాలి దగ్గర, జానెడు పొడుగున నాన్న కుట్టు. చూడగానే గుర్తుపట్టింది. దారం ఒక్క పోగు కూడా ఊడలేదు. ఎలకలు చుట్టూ కొరికాయి గానీ దాని జోలికి పోలేదు. అందరూ తిట్టిన కుట్టు ఇదేనన్నమాట అనుకుంటూ వేలితో తడిమింది. కాలికి ఆనే వైపు, కుట్టు కింద, ఎర్రటి ఉన్ని పోగులు ఇరుక్కుని ఉన్నాయి. ఎలకలు ఎక్కడినుంచో తెచ్చుకున్నాయనుకుంది.

కుట్టు విప్పడానికి మనసొప్పలేదు. కింద ఎలకలు చేసిన కన్నంలోంచి పాత వెంట్రుకలు లాగడం మొదలుపెట్టింది. గుప్పెడు తీసింది, ఇంకో గుప్పెడు తీసింది. మూడోసారి వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. రాయనుకుంది. బయటికి లాగి చూస్తే నల్లటి గుండ్రటి రబ్బరు. తుడిస్తే దాని మీద నార్త్ షీల్డ్ లీగు ముద్ర కనిపించింది.

లెంపి ముందు పకపకా నవ్వింది. ఊరంతా పాదిరీ గారి జేబులు వెతుకుతుంటే ఇది చిరుగులోంచి దూరి ఇక్కడ హాయిగా పడుకుందా అని. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఎందుకంటే నాన్న ప్యాడు కుట్టే పద్ధతి ఆమెకు తెలుసు. ఎంత చిన్న చిరుగైనా ముందు ప్యాడును మోకాళ్ల మీద అడ్డంగా వేసుకుని, పైనుంచి కిందిదాకా అరచేత్తో చరుస్తూ వెంట్రుకలు సర్దేవాడు. ఎక్కడ ఉండ కట్టినా, ఎక్కడ బోలుగా ఉన్నా ఆ చేతికి తెలిసిపోయేది. అలా సర్దకుండా సూది ఎత్తగా ఆమె ఒక్కసారీ చూడలేదు. అలాంటి చేతికి ఇంత పక్ తగలదా? తగిలితే, తెలిసి తెలిసి లోపలే పెట్టి కుట్టేశాడా? ఆమె ఇన్నేళ్లూ అబద్ధమని కొట్టిపారేసిన మాట నిజమేనా?

పక్‌ను పొయ్యిలో పడేస్తే అయిపోయేది. ఆ సంగతి ఆమెకూ తోచింది. రబ్బరు కాలిన వాసన రెండు రోజులుంటుంది, బయటపెడితే ఊరి వెటకారం ఇంకో యాభై ఏళ్లుంటుంది. కానీ లెంపి చిన్నప్పటినుంచీ అంతే, తలుపు వేసి ఉంటే వెనకేముందో చూడందే అన్నం సయించదు. నాన్న ఎలాంటివాడో తనకు తెలుసు అనుకుంటూ ఇన్నాళ్లు బతికింది. ఇప్పుడు తెలియదు. తెలియకుండా ఆ ఆరె పట్టుకుని ఆ బల్ల ముందు రేపు కూర్చోవడం ఆమె వల్ల కాదు.

శనివారం పొద్దున్నే కుడి ప్యాడును గోనెసంచిలో వేసుకుని ఒడెట్ హోటల్‌కు పోయింది. ఇద్దరు ముసలాళ్లూ ఎప్పుడూ కూర్చునే చోటే ఉన్నారు. వాళ్ల తలల మీద గోడకు ఆ ఫోటో, ఊరంతటికీ కంఠతా వచ్చిన ఫోటో. ఒరెస్ట్ మంచు మీద వెల్లకిలా పడి ఉంటాడు, కుడి కాలు మోకాలిదాకా గీత దాటి వలలో ఉంటుంది, పక్కన ఆరెల్ రెండు చేతులూ పైకెత్తి అరుస్తూ ఉంటాడు.

“కూర్చో లెంపీ. కాఫీ?” అన్నాడు ఒరెస్ట్.

ఆరెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె వస్తే ఆయన చూసేది అటే.

లెంపి కూర్చోలేదు. కోటు జేబులోంచి పక్ తీసి రెండు కప్పుల మధ్యా పెట్టింది.

“ఇది ఇందులో ఉంది,” అంది, సంచీలోంచి ప్యాడు సగం బయటికి లాగి. “కుడి కాలిది.”

హోటల్ యజమానురాలు ఒడెట్ గరిట పట్టుకునే వంటింట్లోంచి వచ్చేసింది. ఆరెల్ పక్‌ను చేతిలోకి తీసుకుని ముద్ర మీద బొటనవేలు రాశాడు. గోడ మీది ఫోటో చూశాడు. మళ్లీ ప్యాడు చూశాడు. కుడి కాలు. వలలో ఉన్న కాలు.

“గోల్!” అని కేకేశాడు. అవతలి బల్ల దగ్గర ఎవరో టీ ఒలకబోసుకున్నారు. “ఒరేయ్ ఒరెస్టూ! గోల్‌రా! గోల్‌ని కాలికి కట్టుకుని తిరిగావ్‌రా దొంగ సచ్చినోడా!”

“ఎవడు చెప్పాడ్రా గోల్ అని?” అన్నాడు ఒరెస్ట్, మొహం పాలిపోయినా తగ్గకుండా. “ఈల ఊదేశాక నా కాలు లోపలికి జారిందేమో! నువ్వు చూశావా?”

“నీ కాలు, నీ ఈల! ఫోటో కనపట్టల్లా?”

“ఫోటోలో ఈల కనపడుద్దా?”

ఆరెల్ నవ్వుతున్నాడు, కళ్లనీళ్లు కారుతున్నాయి. అరవై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా బల్ల చరుస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. కుట్టు కనిపించింది. చాలా ఏళ్ల తరవాత మొదటిసారి లెంపి మొహంలోకి సూటిగా చూశాడు.

“అయితే మీ నాన్నకి తెలుసన్నమాట,” అన్నాడు.

“అదే తెలుసుకుందామని వచ్చాను థిబోడో గారూ.”

“ఇంకేంటి తెలుసుకునేది? కుట్టింది ఎవడు? ఆయనే కదా. నా గోల్‌ని చేత్తో పట్టుకుని, లోపల పెట్టి కుట్టేశాడు. నేను ఊరికే అన్నానా? ఊరంతా ఊరికే అందా?”

అబద్ధమాడదామంటే లెంపికి చేతకాదు. “నాన్న ప్యాడు ఎప్పుడు కుట్టినా ముందు ఒళ్లో వేసుకుని మొత్తం చరిచి సర్దేవాడు. ఒళ్లో వేసుకుంటే తెలిసి ఉండాల్సిందే. నాకూ అదే భయంగా ఉంది,” అంది.

“చూశావా! కన్నకూతురే ఒప్పుకుంటోంది.”

“ఒళ్లోనా?” అన్నాడు ఒరెస్ట్. “ఎవరి ఒళ్లో? ఆయన ఒళ్లోకి ప్యాడు ఎప్పుడొచ్చింది? నేను విప్పందే.”

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

“ఆట మధ్యలో ప్యాడు విప్పితే ఆ ఆట పోయినట్టే అని నాకు పట్టింపు. గోలీలందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటది, నాకిది. విప్పమన్నాడు పాపం టోయివో, విప్పకపోతే సరిగ్గా సర్దలేనన్నాడు. చస్తే విప్పనన్నాను. అవతల గంట కొడుతున్నారు. చేసేది లేక నేల మీద కూర్చుని, నా కాలు మీదే కుట్టాడు. చెమటలు కారిపోయినయ్ ఆయనకి.”

“నువ్వట్టా అంటావని తెల్సు,” అన్నాడు ఆరెల్. “కప్పు కొట్టిన జట్టోడివి. ఆయన్ని కాపాడకపోతే నీ కప్పుకి మచ్చ.”

“నాకేం పనిరా కాపాడటానికి? పోయినాయన్నా?”

“రుజువేంటి?”

ఒరెస్ట్ మోకాలు చరుచుకుంటూ ఒట్టేశాడు. లెంపి మాత్రం ఆయన మాట వినడం మానేసింది. ప్యాడును పూర్తిగా బయటికి లాగి, బోర్లా తిప్పి, కాలికి ఆనే వైపు కుట్టు మీదికి వంగింది.

“బాబాయ్,” అంది, తలెత్తకుండా. “ఆ ఏడు రాయల్స్ మేజోళ్లు ఏ రంగు?”

“ఎరుపు. ఎందుకు?” అన్నవాడల్లా ఆగి, ఒరెస్ట్ పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గులో మాట రాలేదు. ఒడెట్ వీపు మీద చరిస్తే గానీ తేరుకోలేదు. “మేజోడు! అయ్యో, మర్చేపోయాను! ఆట అయ్యాక ప్యాడు లాగితే రాలేదు. చూస్తే మేజోడు కూడా కలిపి కుట్టేశాడు! కప్పుతో ఫోటోకి పిలుస్తున్నారు, నేను ఒంటికాలి మీద గెంతుతున్నా. చివరికి కత్తెర తెచ్చి మేజోడు కోసేసుకుని బయటపడ్డా. ఫోటోలో నా కుడి కాలికి మేజోడు సగమే ఉంటది, మా ఇంట్లో ఉంది, చూసుకోండి.”

లెంపి సూది మొనతో కుట్టు కింద మట్టి గీకింది. చిన్న ముక్క, వేలిగోరంత, ఎర్రటి ఉన్ని అల్లిక. రెండు పక్కలా కత్తెర కోసిన అంచు. దాని మీదుగా, దాన్ని గట్టిగా అదిమిపెట్టి, నాన్న వేసిన కుట్లు. మేజోడు చిక్కిందంటే కాలు లోపల ఉన్నట్టే. కాలు లోపల ఉన్న ప్యాడును ఒళ్లో వేసుకుని చరిచే వీలు దేవుడికైనా లేదు.

“చూడండి,” అంది. ప్యాడును ఆరెల్ వైపు తోసింది.

ఆరెల్ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. గోరుతో ఆ ఉన్ని ముక్కను కదిపాడు. కదల్లేదు. ఇంకోసారి కదిపాడు. ఒరెస్ట్ ఏదో అనబోతే ఒడెట్ భుజం నొక్కి ఊరుకోబెట్టింది. ఆరెల్ పక్‌ను బల్ల మీద పెట్టాడు, టోపీ పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు వెతికిన పక్‌ను అలా వదిలేసి పోతాడని ఎవరూ అనుకోలేదు.

“మండిపోతోంది వాడికి. గోల్ కొట్టిన సంబరం రెండు నిమిషాలైనా మిగల్లేదు,” అన్నాడు ఒరెస్ట్.

లెంపి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. బాధతో కాదు. నాన్నను ఒకరోజుపాటు తనూ అనుమానించింది కదా, అందుకు. ఆయనకు తరవాతైనా ఎప్పుడో తట్టిందా, ఆ చిరుగునూ మాయమైన పక్‌నూ కలిపి చూసుకున్నాడా, చూసుకునే నోరు మూసుకున్నాడా అన్నది ఇక ఎవరికీ తెలియదు. ఆ ఒక్క తలుపూ ఆమెకు తెరుచుకోలేదు. అయినా కుట్టిన ఆ ఘడియలో ఆ చేతిలో మోసం లేదు. అది చాలుననుకుంది.

సోమవారం పొద్దున కొట్టు తీసేసరికి చలి ముక్కులు కోసేస్తోంది. పొయ్యి రాజేసి, ప్యాడు కన్నానికి మాసిక వేద్దామని తోలు కోస్తుండగా తలుపు గంట మోగింది. ఆరెల్ థిబోడో లోపలికొచ్చాడు. ఆయన ఆ గుమ్మం తొక్కగా ఆమె చూడటం చిన్నప్పటి తరవాత అదే మొదటిసారి. లోపలంతా ఒకసారి చూశాడు, స్కేట్లు పదును పెట్టే చక్రం, గోడన వేలాడే ఆరెలు, మూలన టోయివో ముక్కాలి పీట.

“మడమ అరిగింది,” అన్నాడు.

“ఏదీ, ఇవ్వండి.”

ఆయన వంగి, ఆయాసపడుతూ కాళ్లకున్న బూట్లు రెండూ విప్పి బల్ల మీద పెట్టాడు. మంచు కరిగి బల్ల తడిసింది. వాటి మీద కుట్లన్నీ పక్క ఊరివాడివి, వంకరటింకర కుట్లు.

“సాయంత్రానికి ఇస్తాను థిబోడో గారూ. ఇంకో జత వేసుకు రాకపోయారా, ఈ మంచులో ఎదురింటికైనా ఎట్లా వెళ్తారు?”

“ఎక్కడికీ వెళ్లను. అయిందాకా ఇక్కడే కూర్చుంటా,” అన్నాడు ఆరెల్. “ఆ పీట మీద కూర్చోవచ్చా అమ్మాయ్?”

లెంపి తలూపింది. ఆయన టోయివో పీటను మూలనుంచి లాక్కొచ్చి, వీధిలో పోయే ప్రతివాడికీ కనిపించేలా కిటికీ దగ్గరే వేసుకుని, ఉత్తి మేజోళ్లతో కూర్చున్నాడు. రాత్రి షిఫ్టు దిగిన గనివాళ్లు అటుగా పోతూ ఒక్కొక్కరే ఆగి, అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు. ఆరెల్ ఎవరినీ తప్పించుకోకుండా తిరిగి చూస్తున్నాడు. లెంపి బూటు తిరగేసి, వంకర సూదిలోకి దారం ఎక్కించింది.